పడమటి కిటికీకి బ్లైండ్స్: కొలత తీసిన రోజు నుంచి బిగించిన రోజు దాకా

నెల్లూరులో మా ఇంటి హాలుకి పడమర వైపు నాలుగడుగుల కిటికీ ఉంది. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం రెండున్నర నుంచి ఎండ నేరుగా గదిలోకి దిగుతుంది. సోఫా చెక్క మీద చెయ్యి పెట్టలేం. అమ్మ రోజూ ఆ కిటికీ దగ్గరే కూర్చుని బియ్యం ఏరేది. రోహిణి కార్తె మొదలయ్యేసరికి చేట తీసుకుని వంటింటి గడప దగ్గరికి మారిపోయేది. మందపాటి కర్టెన్లు వేసి చూశాం. ఎండతో పాటు గాలీ ఆగిపోయింది, పట్టపగలు లైటు వేసుకోవాల్సి వచ్చింది. చివరికి కొలత ఇచ్చి రోలర్ బ్లైండ్స్, అంటే గొలుసు లాగితే గొట్టానికి చుట్టుకునే బట్ట పరదాలు, చేయించాం. మొదటిసారి కుదరలేదు, రెండోసారి చక్కగా కుదిరాయి. బట్ట రెండుసార్లూ ఒకటే. మారిందల్లా నేను కొలిచిన పద్ధతి, గోడకి చిల్లు వేసిన పద్ధతి.

బిగించే మనిషి మన ఇంట్లో ఉండేది గంటన్నర. ఆ గంటన్నర బాగా జరగాలంటే పది రోజుల ముందు నుంచి మనం చేసుకోవాల్సిన పని చాలా ఉంది. అదంతా వరసగా చెబుతాను.

మొదట ఏ కిటికీకి?

ఇంట్లో అన్ని కిటికీలకీ ఒకేసారి ఆర్డర్ ఇవ్వకండి. మన ఊళ్లలో ఎండ ఎటు నుంచి వస్తుందో చూసుకుని మొదలుపెట్టండి. నెల్లూరు దాదాపు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఒంగోలు 15.5 మీద. అందువల్ల ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా నెల్లూరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఒంగోలులో ఇది మూడు నాలుగు రోజులు ఆలస్యంగా మొదలై, కొన్ని రోజులు ముందే ముగుస్తుంది. ఆ నెలల్లో దక్షిణం కిటికీలోకి నేరుగా ఎండ రాదు. దక్షిణం ఎండ లోపలికి వచ్చేది డిసెంబరు, జనవరుల్లో, అప్పుడది హాయిగానే ఉంటుంది.

అసలు బాధ పడమరతో, వాయవ్యంతో. నాలుగు గంటల ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి కిటికీ పైన ఉన్న సన్‌షేడ్ దాన్ని ఆపలేదు. కాబట్టి మొదటి డబ్బు పడమటి కిటికీకి పెట్టండి. తర్వాత తూర్పు వైపు పడకగది. దక్షిణం కిటికీకి పరదా చాలు.

ఒక విషయం ముందే తెలుసుకుంటే తర్వాత నిరాశ ఉండదు. ఎండ గాజు దాటి లోపలికి వచ్చాక అందులో కొంత మాత్రమే బ్లైండ్ తిప్పి పంపగలదు. మిగతా వేడి గదిలోనే ఉండిపోతుంది. అందుకే బట్టకి గాజు వైపు తెల్లగా గానీ వెండిరంగుగా గానీ ఉన్నది అడగండి. వరండా, బాల్కనీ ఉన్న ఇళ్లలో అయితే బయట వైపు కట్టే వెదురు తడికె లోపలి బ్లైండ్ కంటే ఎక్కువ చల్లదనం ఇస్తుంది. మా తాతగారి ఇంట్లో వట్టివేళ్ల తడికెలు కట్టి గంటకోసారి నీళ్లు చల్లేవారు. ఇప్పటికీ వరండాకి దాన్ని మించింది నాకు కనబడలేదు.

బట్ట సంగతి

హాలుకి సన్‌స్క్రీన్ రోలర్ మంచిది. ఇందులో 3 శాతం, 5 శాతం, 10 శాతం అని రకాలుంటాయి. నేతలో ఎంత భాగం ఖాళీ ఉందో ఆ అంకె చెబుతుంది. పడమరకి 3 తీసుకోండి, చెట్టు నీడ ఉంటే 5 సరిపోతుంది. ముదురు రంగు బట్టలోంచి బయట స్పష్టంగా కనబడుతుంది, లేత రంగు వేడిని ఎక్కువ తిప్పికొడుతుంది. రోడ్డు పక్క ఇల్లయితే గుర్తుంచుకోండి, రాత్రి లోపల లైటు వేస్తే సన్‌స్క్రీన్ బట్టలోంచి బయటివాళ్లకి మనం కనబడతాం. అలాంటి గదికి వెలుతురుని పూర్తిగా ఆపే బ్లాకవుట్ గానీ, సన్‌స్క్రీన్‌తో పాటు పల్చటి కర్టెన్ గానీ ఉండాలి.

పడకగదికి బ్లాకవుట్. అడ్డచారల జీబ్రా రకం చూడ్డానికి బాగుంటుంది కానీ బట్ట రెండు పొరలు, బరువెక్కువ, పూర్తి చీకటి రాదు. వంటింట్లో బట్టవి వద్దు, పోపు జిడ్డు పడితే వదలదు. అక్కడ అల్యూమినియం పలకల వెనీషియన్ తుడుచుకోవడానికి వీలు.

షాపులో కేటలాగ్ చూసి నిర్ణయించకండి. ముక్క అడిగి ఇంటికి తెచ్చుకుని, నాలుగు గంటలప్పుడు గాజుకి ఆనించి చూడండి. ట్యూబ్‌లైటు కింద గోధుమరంగులో ఉన్నది ఎండలో నారింజ రంగుకి తిరగడం నేను కళ్లారా చూశాను.

కొలత

నా మొదటి తప్పు ఇక్కడే జరిగింది. కిటికీ మధ్యలో ఒక్కచోట టేపు పెట్టాను. 47 అంగుళాల 3 నూళ్లు వచ్చింది (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు). ఫోన్‌లో చెప్పేటప్పుడు “నలభై ఏడున్నర వేసుకోండి” అన్నాను. అంగుళంలో ఎనిమిదో వంతే కదా అనిపించింది. 47 అంగుళాల 3 నూళ్లంటే 1203 మిల్లీమీటర్లు, నలభై ఏడున్నరంటే 1206 పైన. వాళ్లు నేను చెప్పినట్టే కోసి పంపారు. మూడు మిల్లీమీటర్ల తేడాతో బ్లైండ్ ఫ్రేములోకి దూరలేదు. ఆ తర్వాత ఏం జరిగిందో కింద చెబుతాను.

కాబట్టి స్టీలు టేపుతో, మిల్లీమీటర్లలో, కాగితం మీద. మేస్త్రీ అంగుళాల్లో చెబితే చెప్పనివ్వండి, మీరు టేపు మీద రెండో వైపు చూసి రాసుకోండి.

మొదట బ్లైండ్ ఎక్కడ ఉండాలో తేల్చుకోవాలి. ఫ్రేము లోపల బిగించవచ్చు, లేదా బయట గోడ మీద బిగించవచ్చు.

లోపల బిగించేటట్టయితే వెడల్పు పైన, మధ్యలో, కింద మూడుచోట్ల కొలవండి. అన్నిటికంటే తక్కువ వచ్చిందే మీ కొలత. పొడవు కూడా ఎడమ, మధ్య, కుడి చూసి ఎక్కువ వచ్చింది రాయండి, రోలర్‌కి బట్ట కాస్త మిగిలినా గొట్టం మీద చుట్టుకునే ఉంటుంది. తర్వాత మూల నుంచి మూలకి ఐమూలగా రెండు వైపులా కొలవండి. ఆ రెండింటికీ అరంగుళం కంటే ఎక్కువ తేడా ఉంటే కిటికీ మూలమట్టంగా లేదని అర్థం, అప్పుడు గోడ మీద బిగించడమే మేలు. లోతు కూడా చూడాలి. గొట్టం, దానికి చుట్టిన బట్ట కలిపి మూడంగుళాల దాకా చోటు తింటాయి.

గోడ మీద అయితే కిటికీ ఖాళీకి రెండు వైపులా మూడేసి అంగుళాలు, పైన మూడు నాలుగు అంగుళాలు, కింద రెండంగుళాలు కలుపుకోండి. రోలర్‌లో బ్రాకెట్ నుంచి బ్రాకెట్‌కి ఉన్న వెడల్పు కంటే బట్ట వెడల్పు అంగుళం పైచిలుకు తక్కువ ఉంటుంది. ఆ సందులోంచి పడమటి ఎండ గీతలా పడుతుంది. గోడ మీద బిగిస్తే ఆ గీత ఉండదు. మా పడమటి కిటికీకి రెండోసారి గోడ మీదే పెట్టించాం.

ఇప్పుడు మన ఇళ్లకే ప్రత్యేకమైన చిక్కు. మన కిటికీలకి గాజు రెక్కలు బయటికి, మధ్యలో గ్రిల్, దోమల మెష్ తలుపులు లోపలికి తెరుచుకుంటాయి. ఫ్రేము లోపల బ్లైండ్ పెడితే మెష్ తలుపు దానికి తగులుతుంది. కొలత తీసేటప్పుడు మెష్ తలుపు పూర్తిగా తెరిచి, అది గది లోపలికి ఎంత వస్తుందో, దాని గడియ ఎంత పొడుచుకొచ్చిందో చూడండి. ఇలాంటి కిటికీకి బ్లైండ్ గోడ మీద, తలుపు పై అంచు కంటే ఎత్తులో ఉండాలి. స్లైడింగ్ కిటికీలైతే ఈ బాధ తక్కువ, హ్యాండిల్ ఒక్కటే అడ్డొస్తుంది. బట్ట గొట్టానికి ముందు వైపు నుంచి కిందికి దిగేలా చుట్టించుకుంటే హ్యాండిల్‌కి తగలదు. ఈ మాట ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి.

వెడల్పు ఎనిమిదడుగులు దాటితే ఒకే గొట్టం మధ్యలో వంగే ప్రమాదం ఉంది, బట్ట ముడతలు పడుతుంది. లావు గొట్టం అడగండి, లేదా రెండు బ్లైండ్స్‌గా విడగొట్టండి.

ఆర్డర్ కాగితం

కాగితం మీద ఇవన్నీ ఉండాలి: గది పేరు, వెడల్పు, పొడవు, లోపలా గోడ మీదా, గొలుసు ఏ వైపు, బట్ట ఏ వైపు నుంచి దిగాలి, రంగు నంబరు. వీటన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. మీరిచ్చింది కిటికీ ఖాళీ కొలతా, తయారై రావాల్సిన బ్లైండ్ కొలతా? ఖాళీ కొలత ఇస్తే వర్క్‌షాప్‌లో బ్రాకెట్ల కోసం కొన్ని మిల్లీమీటర్లు తగ్గించుకుంటారు. మీరూ తగ్గించి, వాళ్లూ తగ్గిస్తే రెండు పక్కలా సందు. ఎవరూ తగ్గించకపోతే లోపలికి దూరదు.

కొలతలు వాళ్ల మనిషి వచ్చి తీసుకుంటే మరీ మంచిది, తప్పొస్తే బాధ్యత వాళ్లదవుతుంది. అయినా పక్కన నిలబడి మీరూ కొలిచి, రెండూ సరిపోయాక ఇద్దరూ సంతకం పెట్టండి. రేటు చదరపు అడుగుకి చెబుతారు. చిన్న కిటికీకి కూడా కనీసం ఇన్ని అడుగులని లెక్క కడతారు, అదెంతో ముందే అడగండి. బిగింపు కూలీ అందులో కలిసిందో లేదో కూడా రాయించుకోండి.

గోడ ఏమిటో తెలియకుండా చిల్లు వద్దు

దూరని ఆ మొదటి బ్లైండ్‌ని చూసి బిగించే అబ్బాయి “పర్లేదు సార్, కాస్త పక్కకి జరిపితే పడుతుంది” అన్నాడు. మా కిటికీకి చుట్టూ చీమకుర్తి గ్రానైట్ ఫ్రేము. బ్రాకెట్‌ని అంచుకి జరిపి, డ్రిల్లుని హామర్‌లోనే, అంటే కొట్టుకుంటూ తిరిగే మోడ్‌లోనే, ఉంచి నొక్కాడు. రెండు క్షణాల్లో టప్‌మని శబ్దం వచ్చి అరచేతిలో సగమంత పెచ్చు ఊడి కింద పడింది. నల్లటి రాయి, లోపల బంగారు చుక్కలు, విరిగిన చోట అంచు గాజుపెంకులా ఉంది. అమ్మ పరుగున వచ్చి “నాయనా, కంట్లో పడలేదు కదా?” అని ఆ అబ్బాయి మొహం పట్టుకుని చూసింది. అతని తప్పు ఎంతో నా తప్పూ అంతే. గోడ ఏమిటో నేను చెప్పలేదు, అతను అడగలేదు. ఆ పెచ్చు ఇప్పటికీ కిటికీ గట్టు మీదే ఉంది.

గ్రానైట్‌కి చిల్లు వేయాల్సి వస్తే హామర్ ఆపేయాలి. డైమండ్ బిట్, తక్కువ వేగం, మధ్యమధ్య చుక్క చుక్కగా నీళ్లు. అంచు నుంచి కనీసం ఒకటిన్నర అంగుళం లోపలికి ఉండాలి. నీళ్లు మెషిన్లోకి పోకుండా చూడాలి. ఇంత తంటా ఎందుకనుకుంటే గ్రానైట్ వదిలేసి పైన గోడ మీదికి వెళ్లండి.

కిటికీ పైన గోడంటే చాలా ఇళ్లలో అది లింటెల్, అంటే కాంక్రీటు. సాధారణంగా ఆరంగుళాల మందం ఉంటుంది. దాని అడుగు నుంచి అంగుళం ఎత్తులోనే ఇనుప కడ్డీలుంటాయి. అందుకని చిల్లు మూడంగుళాల ఎత్తున పడేలా గుర్తు పెట్టించండి. డ్రిల్లు ఉన్నట్టుండి దిగడం మానేసి కీచుమంటే కడ్డీ తగిలినట్టు. ఇంకా నొక్కనివ్వకండి, అరంగుళం పక్కకి జరిపించండి.

పైగా గోడకి లోపల వైపు అరంగుళం, ముప్పావంగుళం ప్లాస్టరింగ్ ఉంటుంది. అంగుళం స్క్రూ వేస్తే అది ప్లాస్టరింగ్‌నే పట్టుకుంటుంది, ఆరు నెలల్లో బ్రాకెట్‌తో సహా ఊడొస్తుంది. రెండంగుళాల స్క్రూ, దానికి తగిన ప్లాస్టిక్ ప్లగ్గు, ప్లగ్గు సైజుకి సరిగ్గా సరిపోయే బిట్ ఉండాలి. వదులుగా ఉన్న చిల్లులో అగ్గిపుల్లలు గుచ్చి స్క్రూ తిప్పడం చూస్తే వెంటనే ఆపండి.

చిల్లు వేసేటప్పుడు రాలే పొడిని చూస్తే గోడ సంగతి తెలిసిపోతుంది. మొదట వచ్చేది ప్లాస్టరింగ్ పొడి. ఆ తర్వాత ఎర్రగా వస్తే ఇటుక. బూడిదరంగులో వస్తూ డ్రిల్లు కష్టంగా దిగుతుంటే కాంక్రీటు. తెల్లగా, పిండిలా, చేత్తో నొక్కినంత సులువుగా దిగుతుంటే కొత్త అపార్ట్‌మెంట్లలో వాడే లైట్ వెయిట్ ఇటుకలు. వాటికి హామర్ వద్దు, మామూలు ప్లగ్గులూ నిలవవు. ఆ ఇటుకల కోసమే చేసిన పొడవాటి ప్లగ్గులు తెమ్మని ముందే చెప్పాలి. ఫాల్స్ సీలింగ్‌కి మాత్రం బ్రాకెట్ బిగించనివ్వకండి. బోర్డు వెనక చెక్క గానీ ఇనుప చానెల్ గానీ ఉన్నచోటే బరువు ఆగుతుంది.

కరెంటు వైర్లు గుర్తుందా? స్విచ్ బోర్డుకీ ఏసీ పాయింటుకీ నేరుగా పైనా కిందా ఉన్న గోడలో పైపులు వెళ్తుంటాయి. ఆ నిలువు వరసలో చిల్లు వద్దు. పక్క గది నుంచి డ్రిల్లుకి కరెంటు తీసుకుని, పని జరిగే గది ఎంసీబీ దించేస్తే టెన్షన్ ఉండదు.

బిగించే రోజు

కిటికీ ముందు నాలుగడుగులు ఖాళీ చేయండి. పాత కర్టెన్ రాడ్డు తీసేయండి. సోఫా మీద పాత దుప్పటి కప్పండి. మెష్ తలుపులు ముందురోజే తుడిచి పెట్టుకోండి.

పెట్టె విప్పగానే, డ్రిల్లు ముట్టుకోకముందే, వచ్చిన బ్లైండ్‌ని నేల మీద పెట్టి టేపుతో కొలిపించండి. కాగితం మీది కొలతకి సరిపోతేనే ముందుకి. చిల్లులు పడ్డాక తప్పు తేలితే చేయగలిగేది తక్కువ.

తర్వాత వరస ఇది. ఒక బ్రాకెట్ గుర్తు పెడతారు. దాని నుంచి రసమట్టం పెట్టి రెండోదాని గుర్తు. గట్టునో, ఫ్రేమునో చూసి గీత గీస్తే కుదరదు, అవి ఏటవాలుగా ఉండొచ్చు. బుడగ మధ్యలో నిలవాలి. ఒకే గోడకి రెండు కిటికీలుంటే రెండు బ్లైండ్స్ పై అంచులూ ఒకే గీతలో రావాలి. చిల్లు ఎంత లోతో బిట్ మీద రంగు టేపు చుట్టి గుర్తు పెట్టుకుంటారు. చిల్లు కింద గోడకి ఒక కాగితం కవరు అంటిస్తే దుమ్మంతా అందులో పడుతుంది. చిల్లులోని పొడి ఊదేసి, ప్లగ్గు గోడతో సమంగా దిగేదాకా కొట్టి, బ్రాకెట్ పెట్టి స్క్రూలు బిగిస్తారు. చివరగా గొలుసున్న వైపు మొదట పెట్టి, రెండో వైపు పిన్ను నొక్కి లోపలికి తోస్తారు. టక్కుమని కూర్చున్న శబ్దం వినబడాలి.

బిగించాక డబ్బులిచ్చే ముందు పదిసార్లు పైకీ కిందికీ లాగి చూడండి. బట్ట ఒక పక్కకి జరుగుతూ చుట్టుకుంటోందా చూడండి. జరుగుతుంటే మళ్లీ రసమట్టం పెట్టించండి. మట్టం సరిగ్గానే ఉన్నా జరుగుతుంటే బ్లైండ్ పూర్తిగా దించి, బట్ట ఎటు జరుగుతోందో దానికి ఎదురు వైపు గొట్టం మీద చిన్న టేపు ముక్క అంటిస్తే సర్దుకుంటుంది. మంచి పనివాడికి ఇది తెలుసు, తెలియకపోతే మీరు చెప్పండి. మెష్ తలుపు పూర్తిగా తెరిచి మూయండి. కింది కడ్డీ గ్రిల్‌కి తగులుతోందేమో చూడండి.

గొలుసు, పిల్లలు

దీన్ని ఎవరూ పట్టించుకోరు, అందుకే విడిగా రాస్తున్నాను. బ్లైండ్ గొలుసు కింద ఉచ్చులా వేలాడుతుంది. పసిపిల్లల మెడకి అది బిగుసుకునే ప్రమాదం నిజంగా ఉంది. ఇలా ప్రాణాలు పోవడం వల్లే అమెరికాలో వేలాడే తాళ్ల మీద ప్రమాణాలు బిగించారు. రెడీమేడ్ బ్లైండ్స్‌కి 2018 డిసెంబరు నుంచి, కొలతకి చేసే వాటికి 2024 జూన్ నుంచి. మన దగ్గర అడిగేది మనమే కావాలి. గొలుసు కింది చివర గోడకి బిగించే చిన్న ప్లాస్టిక్ పట్టు ఉంటుంది, అది గొలుసుని బిర్రుగా ఉంచుతుంది. పెట్టెలోనే వస్తుంది, చాలాసార్లు బిగించకుండా వదిలేసి వెళ్తారు. దగ్గరుండి బిగించేదాకా వదలకండి. ఊయల, మంచం గొలుసు అందే దూరంలో ఉండకూడదు. చిన్నపిల్లల గదికి అసలు గొలుసు లేని స్ప్రింగ్ రకమో, మోటారు రకమో తీసుకోండి.

ఉప్పుగాలి, వానలు

మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రానికి దగ్గరగా ఉండే ఇళ్లలో మామూలు స్క్రూలు త్వరగా తుప్పు పట్టి గోడ మీద ఎర్రటి చార దింపుతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు, ప్లాస్టిక్ గొలుసు అడగండి. స్క్రూలకి అదనంగా అయ్యే ఖర్చు చాలా తక్కువ.

సాయంత్రం సముద్రపు గాలి మళ్లగానే మనం కిటికీలన్నీ తెరుస్తాం. అప్పుడు బ్లైండ్ పూర్తిగా పైకి చుట్టేయాలి. సగం దించి వదిలితే గాలికి కింది కడ్డీ గ్రిల్‌కి కొట్టుకుని బట్ట అంచులు పోతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల రోజుల్లో జల్లు తగిలి బట్ట తడిస్తే, తడిగా చుట్టకండి. దించే ఉంచి ఫ్యాను వేసి ఆరనివ్వండి, లేకపోతే నల్లటి బూజు మచ్చలు వస్తాయి, అవి ఇక పోవు. మామూలు రోజుల్లో వారానికోసారి పొడిగుడ్డతో దులిపితే చాలు. మరకుంటే కొద్దిగా సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు.

నెల తర్వాత ఒకసారి స్క్రూలన్నీ చేత్తో బిగించి చూడండి. ఆర్డర్ కాగితం పారేయకండి. మాది బీరువా తలుపు లోపల అంటించి ఉంది, మిగిలిన రెండు ప్లగ్గులు, గొలుసు జాయింటు ఒక కవర్లో పెట్టి దాని పక్కనే తగిలించాను. మొన్న తూర్పు గదికి ఆర్డర్ ఇచ్చేటప్పుడు రంగు నంబరు అందులోంచే చదివి చెప్పాను.